చెల్లికి వద్దన్న మందు

బరువు తగ్గించే ఇంజెక్షన్ ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అన్నది డాక్టర్లు తేల్చాల్సిన సంగతి. నిరుడు మా ఇంట్లో దాన్ని నేను తేల్చాను. అవసరం ఉన్న మా చెల్లికి వద్దన్నాను. అవసరం లేని నేను తెప్పించుకుని వేసుకున్నాను. ఈ రెండింటి మధ్యా గడిచింది కొన్ని నెలలే. ఈ సంగతి రాస్తానంటే చెల్లి మొదట ఒప్పుకోలేదు. "నలుగురికీ తెలిస్తే నీకే చిన్నతనం కదక్కా" అంది. నా చిన్నతనం కంటే పెద్ద విషయం ఇందులో ఉందని నచ్చజెప్పి, దాని పేరు వేయనని మాటిచ్చి రాస్తున్నాను.

నేను విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. క్లోమం ఎక్కడుంటుంది, ఇన్సులిన్ ఏం చేస్తుంది, ఆకలి మెదడులో ఏ మూల పుడుతుంది అన్నవన్నీ బోర్డు మీద బొమ్మలు గీసి ఎన్నో బ్యాచ్‌లకు చెప్పాను. హైపోథలామస్ అన్న మాట పిల్లల చేత తప్పు లేకుండా రాయించేదాన్ని. ఆ చదువంతా క్లాసు రూములోనే ఉండిపోయింది. ఇంటికొచ్చాక, లావుపాటి మనిషంటే నా దృష్టిలో తిండి మీద అదుపు లేని మనిషే. పైకి అనేదాన్ని కాదు. కానీ బంతిలో కూర్చున్నప్పుడల్లా చెల్లి విస్తరి వైపు నా చూపు పోయేది.

మేమిద్దరం ఒక తల్లి పిల్లలమే. నాది అమ్మ పోలిక, దానిది నాయనమ్మ పోలిక. నేను ఏం తిన్నా సన్నగానే ఉండేదాన్ని. అది పదో తరగతికే బొద్దుగా అయింది. అమ్మ నా ముద్దపప్పులో నెయ్యి వేసి, దాని కంచం దగ్గరికి వచ్చేసరికి గిన్నె పక్కన పెట్టేసేది. అది అడిగేది కాదు. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక ఇంకా పెరిగింది. తగ్గడానికి అది చేయని పని లేదు. పొద్దున్నే తేనె, నిమ్మరసం. రాత్రిళ్లు జొన్నరొట్టె. వారానికి రెండు ఒక్కపొద్దులు. కొబ్బరినూనె తాగి అన్నం మానేసే డైట్ మన జిల్లాలను ఊపేసిన రోజుల్లో అదీ చేసింది. బాగా తగ్గింది, ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. ఏడాదిన్నర తిరిగేసరికి పోయిన బరువంతా వచ్చి, మీద ఇంకాస్త చేరింది. అప్పుడు నేనన్న మాట నాకు గుర్తుంది: "పట్టుదల లేకపోతే ఏం చేసినా ఇంతే."

పట్టుదల ఎంతవరకు పని చేస్తుందో నేను ఈ మధ్యే చదివి తెలుసుకున్నాను. డెన్మార్క్‌లో చిన్నప్పుడే దత్తతకు వెళ్లిన 540 మందిని పెద్దయ్యాక పరిశీలించి 1986లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్ల ఒంటి తీరు కన్నవాళ్ల ఒంటి తీరును పోలి ఉంది. పెంచినవాళ్లతో పోలిక కనబడలేదు. ఒకే వంట తిని పెరిగినా సరే. ఆస్ట్రేలియా పరిశోధకులు 2011లో ఇంకొకటి చూపించారు. పది వారాలు కఠినమైన పథ్యం చేసి బరువు తగ్గినవాళ్ల రక్తాన్ని ఏడాది తర్వాత పరీక్షిస్తే, ఆకలి పుట్టించే హార్మోను ఇంకా ఎక్కువగానే ఉంది, కడుపు నిండిందని చెప్పే హార్మోన్లు ఇంకా తక్కువగానే ఉన్నాయి. అంటే ఆ ఏడాదిన్నరా మా చెల్లి రోజూ నాకంటే ఎక్కువ ఆకలితో పోరాడి, నాకంటే తక్కువ తిని, చివరికి ఓడిపోయింది. ఆ ఆకలి నాకు ఒక్క రోజు కూడా తెలియదు. తెలియని దాని గురించి తీర్పు చెప్పాను.

2025 మార్చిలో మౌంజారో అనే బరువు తగ్గించే ఇంజెక్షన్ మన దేశంలోకి వచ్చింది. ఆ వేసవిలో, చెల్లిని చాలాకాలంగా చూస్తున్న గుంటూరు షుగరు డాక్టరు దాన్ని రాశారు. చెల్లి ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు. బీఎంఐ 38 దాటింది. షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ మూడింటికీ మాత్రలు మింగుతోంది. మూడు నెలల సగటు షుగరు (హెచ్‌బీఏ1సీ) తొమ్మిది పైనే ఉంటోంది. రాత్రి గురక మధ్యలో ఊపిరి ఆగిపోయి ఉలిక్కిపడి లేచి కూర్చుంటుంది. మోకాళ్లు అరిగిపోయి మెట్లు ఎక్కడం కష్టం. ఇన్ని జబ్బులకూ మూలం ఒక్కటేనని, ముందు దాన్ని పట్టుకుందామని డాక్టరు చెప్పారట.

మరిది నాకు ఫోన్ చేశాడు. వాళ్లది తెనాలిలో చిన్న ఫ్యాన్సీ షాపు. మొదటి నెల వాడే చిన్న డోసు వయల్ అప్పట్లో 3,500 రూపాయలు, ఆ తర్వాతి డోసు 4,375. వారానికి ఒకటి. అంటే నెలకు 14,000తో మొదలై 17,500 అవుతుంది. "వదినగారూ, ఒక ఆర్నెల్లు మీరు కాస్త సర్దితే, దసరా సీజను అయ్యాక నెమ్మదిగా తీర్చేస్తాం" అన్నాడు. అతను నన్ను డబ్బు అడగడం అదే మొదటిసారి.

నేను డబ్బు లేదనలేదు. అంతకంటే చెడ్డ పని చేశాను, ఉపన్యాసం ఇచ్చాను. సూదులు వేయించుకుని తగ్గడమేమిటన్నాను. మానేస్తే మళ్లీ వస్తుందట కదా అన్నాను. నోరు కట్టుకుని రోజూ గంట నడిస్తే ఏ మందూ అక్కర్లేదన్నాను. ఆ డబ్బుతో తనకు ట్రెడ్‌మిల్ కొనిస్తానన్నాను. అన్నట్టే కొని, తెనాలి పంపాను. అరిగిన మోకాళ్లున్న మనిషికి. అక్క కొనిచ్చిందని, కాదంటే అక్క బాధపడుతుందని అది రోజూ ఎక్కి నడిచింది. మోకాలు వాచి మంచం పట్టేదాకా నడిచింది. ఆ సంగతి అప్పుడు నాకు చెప్పలేదు.

మా వారు ఎప్పటినుంచో బీపీ మాత్ర వేసుకుంటారు. ఉప్పు తగ్గిస్తే చాలదా, మాత్ర ఎందుకని నేను ఆయన్ని ఏనాడూ అడగలేదు. ఊరగాయ వడ్డిస్తూనే మాత్ర అందించేదాన్ని. బీపీ జబ్బు కాబట్టి మందు ఉండాలి, లావు తప్పు కాబట్టి శిక్ష ఉండాలి. నా బుర్రలో ఉన్న లెక్క ఇదే. లెక్చరర్‌గా పని చేసిన మనిషి బుర్రలో.

ఇక నా సంగతి. కార్తీకంలో చేసేలా మా అమ్మాయి పెళ్లి కుదిరింది. నిశ్చితార్థం వీడియోలో నన్ను నేను చూసుకున్నాను. నెలసరి ఆగిన తర్వాత నడుము చుట్టూ ఒళ్లు వచ్చింది. జబ్బలు బ్లౌజులో పట్టడం లేదు. అమ్మాయి పెళ్లికి ముందు చర్మం మెరుగు కోసం వెళ్తున్న క్లినిక్‌కు నేనూ తోడు వెళ్లాను. పెళ్లికూతురి తల్లికి కూడా వాళ్ల దగ్గర ప్యాకేజీ ఉంది. అందులో ఈ సూది ఉంది. కౌంటర్‌లో ఉన్న పిల్ల నా ఎత్తు, బరువు కొలిచింది. 155 సెంటీమీటర్లు, 62 కిలోలు. బీఎంఐ 25.8. "మన ఇండియన్స్‌కి 25 దాటితే ఒబేసిటీనే మేడమ్" అంది.

ఆ పిల్ల చెప్పింది అబద్ధం కాదు. అక్కడే నేను మోసపోవడానికి సిద్ధంగా ఉన్నాను. యూరప్ వాళ్లకు 30 దాటితే ఊబకాయం. మనవాళ్లకు అంతకంటే ముందే షుగరు, గుండెజబ్బు వస్తాయి కాబట్టి, 2009లో మన దేశపు నిపుణులు కూర్చుని 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని గీత కిందికి దించారు. దీని వెనక కారణం అర్థం కావాలంటే పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో వేసిన తమ ఫొటో చూడాలి. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చొక్కా లోపల మన దేహం వేరు. పొట్ట చుట్టూ, కాలేయం లోపల కొవ్వు చేరుతుంది, తూకానికి అందదు.

అయితే ఆ గీతను కిందికి దించింది మనల్ని ముందుగా పరీక్షలకు పంపడానికి. నడుము కొలుచుకో, షుగరు చూపించుకో, లివర్ చూపించుకో, తిండీ నడకా మార్చుకో అని చెప్పడానికి. మందుకు వేరే గీత ఉంది. మన దేశంలో ఈ ఇంజెక్షన్లకు బరువు తగ్గడం కోసం అనుమతి ఇచ్చింది బీఎంఐ 30 గానీ ఆ పైన గానీ ఉన్న పెద్దవాళ్లకు. లేదంటే 27 దాటి, బరువు వల్ల వచ్చిన జబ్బు కనీసం ఒకటి ఉన్నవాళ్లకు. నాకు 30 లేదు, 27 లేదు, జబ్బూ లేదు. థైరాయిడ్ మాత్ర ఒక్కటి తప్ప ఏమీ లేదు. ఒక గీత దాటాను కదా అని రెండో గీత సంగతి అడగలేదు. అడిగితే కాదంటారేమో అన్న అనుమానం నాకు ఉండే ఉంటుంది.

ఆ క్లినిక్‌లో నన్ను ఒక్క ప్రశ్నా అడగలేదు. అడగాల్సినవేమిటో తర్వాత తెలిసింది. ఇంట్లో ఎవరికైనా మెడ్యులరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ వచ్చిందా, క్లోమానికి ఎప్పుడైనా వాపు వచ్చిందా, పిత్తాశయంలో రాళ్లున్నాయా, కంటి నరాలు ఎలా ఉన్నాయి. రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. పెళ్లి దగ్గర పడుతోందని డోసు కూడా తొందరగా పెంచారు. నేనూ పెంచమన్నాను. మా వారికి విటమిన్ ఇంజెక్షన్ అని చెప్పాను. చెల్లికి అసలే చెప్పలేదు.

తగ్గాను. పెళ్లిలో అందరూ "పెళ్లికూతురి అక్కలా ఉన్నావు" అన్నారు. ఆ పెళ్లిలో ఏ వంటకమూ నేను రుచి చూడలేదు. ముద్ద చేతిలోకి తీసుకుంటే వాంతి వచ్చేది. పొద్దున లేస్తే కాళ్లు వణికేవి. నీళ్ల టిన్ను ఎత్తలేకపోయేదాన్ని. నేను కొవ్వు తగ్గిందనుకుంటున్నాను, అందులో కండ కూడా ఉంది. ఇంత వయసులో పోయిన కండ మళ్లీ రావడం కష్టం. వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు పుట్టే ప్రమాదం పెరుగుతుంది. పెళ్లయిన కొద్దిరోజులకే ఒక రాత్రి పక్కటెముకల కింద నొప్పి పట్టింది, వీపులోకి పాకింది. తెల్లవారేసరికి ఆసుపత్రిలో ఉన్నాను. పిత్తాశయం తీసేయాలన్నారు.

ఇక్కడ నేను చేసిన పనిని ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. ఏమైనా మందులు వాడుతున్నారా అని డాక్టరు అడిగితే, మా వారు పక్కనే ఉన్నారని, థైరాయిడ్ మాత్ర ఒక్కటే అన్నాను. ఈ మందు కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది. రాత్రంతా ఏమీ తినకపోయినా కడుపులో ఆహారం మిగిలి ఉండవచ్చు. మత్తులో ఉండగా అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. తర్వాత మత్తు డాక్టరమ్మ వచ్చి, ఇంత తక్కువ కాలంలో ఇంత బరువు ఎలా తగ్గారని నిలదీసింది కాబట్టి చెప్పాను. ఆమె ఆపరేషన్ వాయిదా వేయించి, జాగ్రత్తలన్నీ తీసుకున్నాకే మత్తు ఇచ్చింది. సిగ్గు కోసం అబద్ధం చెప్పి, ఆ అబద్ధంతో ఆపరేషన్ టేబుల్ ఎక్కబోయాను.

నన్ను చూసుకోవడానికి చెల్లి తెనాలి నుంచి వచ్చింది. ఆ మోకాళ్లతో మా మూడో అంతస్తు మెట్లు ఎక్కింది, ఆ రోజు లిఫ్టు పనిచేయడం లేదు. నాకు పాలు కాచి ఇద్దామని ఫ్రిజ్ తెరిచింది. తలుపు అరలో గుడ్ల పక్కన మిగిలిన వయల్ డబ్బా ఉంది. దాచాలన్న ఆలోచన కూడా రాలేదు నాకు. అది ఆ డబ్బాను చేతిలోకి తీసుకుని, పేరు చదివి, నా వైపు చూసింది. "అక్కా, ఇది నాకు రాసిన మందే కదా" అంది. కోపంగా అనలేదు. నిజంగా అడిగింది. తనకు వద్దన్న మందు అక్క ఇంట్లో ఎందుకుందో దానికి అర్థం కాలేదు. నేను జవాబు చెప్పలేకపోయాను. అది డబ్బా మళ్లీ లోపల పెట్టి, పాలు కాచి తెచ్చి ఇచ్చింది. ఉన్నన్నాళ్లూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

సంక్రాంతి వెళ్లిన వారంలో చెల్లికి గుండెపోటు వచ్చింది. గుంటూరు తీసుకెళ్లి స్టెంట్ వేశారు. బతికింది. ముందే ఆ ఇంజెక్షన్ వేసుకుని ఉంటే గుండెపోటు రాకపోయేదా అని డాక్టరును అడిగాను. ఒక మనిషి విషయంలో అలా చెప్పలేమన్నారాయన. అది నన్ను ఓదార్చడానికి అన్న మాట కాదు, నిజమే చెప్పారు. కానీ వేల మంది విషయంలో చెప్పగలరు. గుండెజబ్బు ఉండి, బీఎంఐ 27 గానీ ఆ పైన గానీ ఉండి, షుగరు లేని 17,604 మంది మీద ఈ మందు కుటుంబానికే చెందిన సెమాగ్లూటైడ్‌తో జరిగిన సెలెక్ట్ అనే పరిశోధన 2023లో వచ్చింది. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బుతో మరణం, ఈ మూడూ కలిపి 20 శాతం తగ్గాయి. అద్దం ముందు నిలబడడానికి తయారైన మందు కాదిది. నేను దాన్ని అద్దం కోసం వాడుకుని, గుండె కోసం కావలసిన మనిషికి అడ్డుపడ్డాను.

చెల్లి పెద్దమ్మాయి ఇంగ్లండులో నర్సు. తల్లిని చూడడానికి వచ్చి, నాతో కూర్చుని మాట్లాడింది. తిట్టలేదు. "పెద్దమ్మా, అక్కడ ఈ మందుకు వరుస ఉంది, ఆ వరుస ఎలా ఉంటుందో చెప్తాను విను" అంది. 2025 జూన్ నుంచి అక్కడి ప్రభుత్వ వైద్యంలో ఫ్యామిలీ డాక్టర్ల దగ్గరే బరువు కోసం మౌంజారో ఇస్తున్నారు. మొదటి ఏడాది బీఎంఐ 40 పైన ఉండి, షుగరు, బీపీ, గుండెజబ్బు, నిద్రలో ఊపిరి ఆగడం, కొలెస్ట్రాల్ ఈ అయిదింటిలో కనీసం నాలుగు ఉన్నవాళ్లకే. మనలాంటి దక్షిణాసియా వాళ్లకు 37.5 చాలు. "అమ్మకు 38. నాలుగు జబ్బులూ ఉన్నాయి. అక్కడ ఉండుంటే మొదటి రోజే మొదటి వరుసలో ఉండేది" అంది. ఆ వరుసలో నాకు చోటుందా అని నేను అడగలేదు. అడగక్కర్లేదు. డబ్బులు పెట్టి ప్రైవేటుగా కొనుక్కునేవాళ్లు అక్కడా చాలామంది ఉన్నారని, బరువు అబద్ధం చెప్పి తెప్పించుకునేవాళ్లు కూడా ఉన్నారని మాత్రం చెప్పింది.

ఆ వరుస కూడా అన్యాయంగానే ఉందని నాకు అనిపిస్తుంది. నాలుగు జబ్బులు వచ్చేదాకా ఆగమనడం మంచి వైద్యం కాదు. సరుకు తక్కువ, డబ్బు తక్కువ కాబట్టి అలా పెట్టుకున్నారు. అయినా అక్కడ వరుసకు ఒక న్యాయం ఉంది: ఎక్కువ జబ్బు ఉన్నవాళ్లు ముందు. మన దగ్గర ముందు నిలబడేది డబ్బున్నవాళ్లు, ఆ తర్వాత నాలాగా ఇంట్లో పెత్తనం చేసేవాళ్ల దయ ఉన్నవాళ్లు.

అసలు ఈ మందులు ఎవరి కోసం పుట్టాయో కూడా చెప్పాలి. పేగుల్లో పుట్టే జీఎల్‌పీ-1 అనే హార్మోనును అనుకరించే మందులివి. అసలు హార్మోను రక్తంలో రెండు నిమిషాల్లోనే సగం విరిగిపోతుంది. గిలా మాన్‌స్టర్ అనే అమెరికా బల్లి విషంలో దాన్ని పోలిన, తొందరగా విరగని పదార్థాన్ని జాన్ ఎంగ్ అనే డాక్టరు 1990ల మొదట్లో కనిపెట్టారు. దానితో తయారైన మొదటి మందు 2005లో షుగరు రోగుల కోసం వచ్చింది. ఈ వంశమంతా షుగరు రోగుల కోసం పుట్టినదే. 2022 నుంచి ప్రపంచమంతా బరువు కోసం ఎగబడేసరికి చాలా దేశాల్లో షుగరు రోగులు ఒజెంపిక్ (షుగరుకు వాడే సెమాగ్లూటైడ్) దొరక్క అల్లాడారు. నాలాంటి వాళ్ల ఒక్కొక్క వయల్ అక్కడెక్కడో ఒకరి మందు.

ఎవరికి ఇవ్వాలి అని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే, బీఎంఐ అంకెతో మొదలుపెట్టను. ఆ బరువు వల్ల ఒంట్లో ఏది చెడుతోంది అని అడుగుతాను. 2025 జనవరిలో లాన్సెట్ నియమించిన నిపుణుల సంఘం, అదే నెలలో మన దేశపు డాక్టర్లు వేరుగా ఇచ్చిన మార్గదర్శకాలు, రెండూ ఊబకాయాన్ని రెండు మెట్లుగా విడదీశాయి. బరువు ఉంది కానీ అవయవాలు బాగానే ఉన్నాయి అన్నది ఒకటి. బరువు వల్ల గుండె, కాలేయం, కీళ్లు, ఊపిరి, చక్కెర అదుపు దెబ్బతింటున్నాయి అన్నది రెండోది. రెండో మెట్టు మీద ఉన్నవాళ్లకు ఈ మందు దొరకాలి. వాళ్లను తిండి గురించి సాధించకుండా దొరకాలి. మొదటి మెట్టు మీద ఉన్నవాళ్లకు డాక్టరు చూసి, ఏళ్ల తరబడి ప్రయత్నించినా తగ్గనప్పుడు, ముందు ముందు ప్రమాదం ఎక్కువగా కనబడుతున్నప్పుడు ఇవ్వవచ్చు. నాలాగా ఫొటోల కోసం వచ్చినవాళ్లకు ఇవ్వకూడదు.

పెళ్లికూతుళ్ల సంగతి విడిగా చెప్పాలి. నేను వెళ్లిన క్లినిక్‌లో పాతికేళ్ల పిల్లలు పెళ్లికి ముందు ఈ సూది వేయించుకోవడం చూశాను. గర్భంతో ఉన్నవాళ్లు ఇది వాడకూడదు. సెమాగ్లూటైడ్ అయితే గర్భం కోసం ప్రయత్నించడానికి రెండు నెలల ముందే ఆపాలి. మౌంజారో గర్భనిరోధక మాత్రల పనిని కూడా తగ్గించగలదు. పెళ్లయిన నెలలోనే గర్భం వచ్చే మన ఇళ్లలో ఈ మాట ఏ పెళ్లికూతురికీ ఆ కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పడం నేను వినలేదు. మా అమ్మాయి వేయించుకోలేదు. నేను వద్దన్నందుకు కాదు, దానికి అవసరం లేదని అదే అనుకుంది. నాకంటే దానికే తెలివి ఉంది.

ఈ మందు ఆపితే బరువు తిరిగి వస్తుంది. సెమాగ్లూటైడ్ ఆపినవాళ్లను ఏడాది తర్వాత చూస్తే తగ్గినదానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. నాకూ దాదాపు అంతా వచ్చేసింది. చెల్లికి నేను మందు వద్దనడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరుగుతుంది, అయినా అది మాత్రను కాదనడానికి కారణం కాలేదు. దీర్ఘకాలపు జబ్బుకు దీర్ఘకాలపు మందు. కాబట్టే కొన్ని నెలల పెళ్లి ముచ్చట కోసం మొదలుపెట్టాల్సింది కాదు ఇది. మొదలుపెట్టే ముందే ఎన్నాళ్లు, ఎంత ఖర్చు, ఎవరు చూసుకుంటారు అన్నది తేల్చుకోవాలి.

చెల్లి గుండె కుదుటపడ్డాక డాక్టరే ఆ ఇంజెక్షన్ మళ్లీ రాసి మొదలుపెట్టించారు. చిన్న డోసుతో, నెమ్మదిగా. రోజూ గుడ్డు, పప్పు, పెరుగు తప్పకుండా తినమన్నారు, కండ పోకుండా. మొదట్లో దానికీ వికారం వచ్చింది, మలబద్ధకం వచ్చింది. డాక్టరు డోసు పెంచకుండా ఆగారు. ఇప్పుడు మూడు నెలల సగటు షుగరు ఏడు దగ్గరికి దిగింది. రాత్రి పూర్తిగా పడుకుంటోంది. మోకాళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. "అక్కా, ఆకలి లేకుండా ఉండడం అంటే ఇలా ఉంటుందా? నువ్వు ఎప్పుడూ ఇలాగే ఉండేదానివా?" అని అడిగింది ఒకరోజు. అవును, అన్నాను. ఖర్చు నేను పెడుతున్నాను. మరిది వద్దన్నాడు, నేను వినలేదు. ట్రెడ్‌మిల్‌ను తిరిగి తెప్పించి అమ్మేశాను.

2026 మార్చిలో మన దేశంలో సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు తీరింది. మన హైదరాబాద్ కంపెనీలతో సహా ఎన్నో కంపెనీలు తయారీకి ముందే సిద్ధమయ్యాయి. ధర దిగడం మంచిదే, మరిది లాంటి వాళ్లు ఎవరి ముందూ చేయి చాచక్కర్లేదు. కానీ ధర దిగితే నాలాంటి వాళ్లూ పెరుగుతారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదన్న నియమం ఉంది. దాన్ని అమలు చేయాలి. అందాల క్లినిక్‌ల ప్యాకేజీల్లోంచి ఈ మందును తీసేయించాలి. 2025 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందులను, షుగరుతో పాటు గుండెజబ్బు గానీ కిడ్నీ జబ్బు గానీ ఉండి, ఊబకాయం కూడా ఉన్నవాళ్ల కోసం, అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మన దేశంలో షుగరు ఉన్నవాళ్లు పది కోట్ల మందికి పైనే అని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో చెప్పింది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ జిల్లా ఆసుపత్రుల్లో, ముందుగా షుగరుతో పాటు గుండెజబ్బు ఉన్న ఊబకాయ రోగులకు దీన్ని ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టాలని అడుగుతున్నాను.

మీ ఇంట్లో ఎవరికైనా డాక్టరు ఈ మందు రాస్తే, వద్దని చెప్పే ముందు ఒక్కసారి వాళ్లతో పాటు ఆ డాక్టరు దగ్గరికి వెళ్లి కూర్చోండి. ఎందుకు రాశారో అడిగి వినండి. మీరే వాడుతుంటే మీ ఇంట్లోవాళ్లకు, మీ డాక్టరుకు దాచకండి.